తాతగారి ప్రశ్నలు

గోడ మీది నాచు ఫోటోకి ఒక్కరూ లైక్ కొట్టలేదు.

వృక్షశాస్త్రం చదివే ఆ అమ్మాయి మొక్కల గ్రూపులో పెట్టిన మొదటి ఫోటో అది. గ్రూపంతా గులాబీలంటే పడిచచ్చేవాళ్లే. నాచు ఎవరికి కావాలి?

ఈ చదువు మానేసి బ్యాంకు పరీక్షలకు కూర్చుంటానని ఆమె ఇంట్లో చెప్పేసింది. అన్నయ్య సరేనన్నాడు. వదిన విన్నట్టే లేదు. ఫోన్‌లోంచి తలెత్తితే కదా!

మర్నాడు ఫోటో కింద ఒక ప్రశ్న కనిపించింది. అడిగినవారి పేరు 'తాతగారు'. ముఖం ఉండాల్సిన చోట కళ్లజోడు బొమ్మ.

"ఎండిపోయిన నాచు చచ్చినట్టా తల్లీ, నిద్రపోయినట్టా? మా మనవడు నా ప్రాణం తీస్తున్నాడు."

ఆమెకు తెలియదు. తెలియదని రాయడానికి మనసొప్పలేదు. లైబ్రరీలో పుస్తకాలు తిరగేసింది. ఎండు నాచు మీద నీళ్లు చల్లి ఎదురుగా కూర్చుంది. చూస్తుండగానే అది పచ్చబడింది. ఆ పూట ఆమె సంతోషం అంతా ఇంతా కాదు.

అది మొదలు తాతగారి ప్రశ్నలకు అంతు లేదు. జవాబులు వెతుకుతూ వెతుకుతూనే ఆమె ఎమ్మెస్సీ దాటింది, నాచు మీదే పరిశోధన మొదలుపెట్టింది. ఎంత తీపి రోజులవి! బ్యాంకు పరీక్షల ఊసే మళ్లీ ఎత్తలేదు.

ఒకసారి ఉండబట్టలేక వదినకూ ఆ కబుర్లు చెప్పబోయింది.

"నాకెందుకమ్మా ఆ నాచు గోల," అని వదిన ఆవులించింది.

"నీకు ఆ ఫోను చాల్లే వదినా," అని ఈమె మూతి ముడుచుకుంది.

డాక్టరేట్ చేతికొచ్చేనాటికి తాతగారు గ్రూపులో కనిపించడం మానేశారు. మనవడు పెద్దవాడైపోయాడేమో అనుకుంది. అయినా ఒక్కసారి ఆయన్ని కలిసి, ఇదంతా మీ చలవేనని చెప్పుకోవాలని ఆమె ఆరాటం.

గ్రూపు నడిపేది ఒక మందుల షాపతను. ఎవరినైనా చేర్చుకునేముందు వీడియో కాల్‌లో ముఖం చూడటం అతని పద్ధతి. కాబట్టి తాతగారిని చూసింది అతనొక్కడే. అడ్రసు అడిగితే, ఎవరికీ చెప్పనని మాటిచ్చానన్నాడు.

ఆమె వదల్లేదు. రోజూ అడిగి అతని ప్రాణం తోడేసింది. డాక్టరేట్ వచ్చినందుకు నేరుగా అభినందించి, అడ్రసు సంగతి నచ్చజెప్పి వద్దామని చివరికి ఓ ఆదివారం అతనే ఇంటికి వచ్చాడు.

ఆమె మంచినీళ్లు తెచ్చేసరికి, అతను కిందటేడు పోయిన వదిన ఫోటో ముందు నిలబడి ఉన్నాడు.

"అడ్రసు, అడ్రసని నన్ను వేపుకు తిన్నారు కదమ్మా," అన్నాడు అయోమయంగా, "తాతగారు మీ ఇంట్లోనే ఉన్నారుగా."