గాలానికున్న వానపాము

ఉత్తరాన ఒక చలిదేశపు సరస్సులో మంచు కరిగింది. చలికాలమంతా అరకడుపుతో గడిపిన గాజుకళ్ల చేపకి ఎదురుగా వానపాము వేలాడుతూ కనిపించింది.

"నన్ను తినకక్కా, నా ఒంట్లో గాలపు ముల్లుంది," అంది వానపాము.

"నా నోటిదాకా వచ్చినవన్నీ ఏదో ఒకటి చెబుతాయి," అంది చేప.

"అవి బతకాలని చెప్పుంటాయి. నేనెలాగూ పోయేదాన్నే. నాకు అబద్ధంతో పనేముంది?"

చేప తినబోయి తెరిచిన నోరు మూసుకుని వెనక్కి జరిగింది. అది చూస్తుండగానే వానపాము సర్రున పైకి పోయింది.

"ఈ ఎరని చేపలు ముట్టడం లేదు," అని విసుక్కుంటూ ఒడ్డున కూర్చున్న మనిషి వానపాముని ముల్లు నుంచి తీసి తడిమట్టిలో పారేశాడు. ఒంట్లో చిల్లు మండుతున్నా, అది చల్లగా మట్టిలోకి దూరిపోయింది.

నీళ్లలో చేపకి ఆకలి అలాగే ఉంది. ఆకలేయడం ఇంత హాయిగా ఉంటుందని దానికి అంతకుముందు తెలీదు.