రొట్టె మీద ఒట్టు

చనిపోయిన భర్త గుర్తుగా సల్కినాయ్ దాచుకున్న పాతకారు హారన్‌కి పట్టిన తుప్పు గీకుతున్న మెకానిక్ తోక్తోసున్, దాని గొట్టంలోంచి ఉన్నిముద్ద బయటికి లాగాడు.

"ఇది అడ్డముంటే ఎలా మోగుద్దక్కా?"

సల్కినాయ్ మొహం పాలిపోయింది. కొండమలుపులో కదీర్ లారీ గుద్ది ఆమె భర్త పోయాడు. "ఆయన కారు హారన్ మోగనే లేదు" అని కదీర్, అక్కడివాళ్లు పవిత్రంగా చూసే రొట్టె మీద చెయ్యి వేసి ఒట్టేసినా ఊళ్లో ఎవరూ నమ్మలేదు. దొంగ ఒట్టని అందరికంటే గట్టిగా శపించింది ఆమే.

"ఆయన అస్తమానం మోగిస్తుంటే ఉయ్యాల్లో పిల్లాడు ఉలిక్కిపడుతున్నాడని నేనే కుక్కానురా. పొద్దున తీద్దామనుకుని మర్చిపోయాను."

తోక్తోసున్ ఆ ముద్దను పొయ్యిలోకి విసరబోయాడు.

"కాల్చేద్దాం. ఎవరికీ తెలీదక్కా."

ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"కదీర్‌కి తెలుసు కదరా!"