ఎత్తిన చెయ్యి

"ఈ ఫొటో చూడండి," అంది కావేరి, తెర వైపు చూపిస్తూ.

ఫొటోలో ఉన్నది, సముద్రంలో చమురు ఒలికితే ఎలా ఆపాలో ఆమె దగ్గర నేర్చుకున్న ఓ పాత బ్యాచ్. పోయినేడాది తూర్పు తీరంలో ఓ ఏటిలోకి ఓడ చమురు చొరబడుతుంటే, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి తేలే అడ్డుకట్ట కట్టి, దాని ముందు నిలబడి ఆ ఫొటో దిగారు. వెనకాల పడవలో ఓ జాలరి పక్కకు చెయ్యెత్తి ఉన్నాడు.

"ఆ ముసలాయన సంతోషం చూశారా? అదే మన సర్టిఫికెట్."

గదిలో ఉన్న ఈ ఏటి విద్యార్థులు పన్నెండుమందీ చప్పట్లు కొట్టారు. రేపే వాళ్ళంతా రేవుల్లో ఉద్యోగాలకు బయల్దేరుతున్నారు. ఇవాళ ఆఖరి పరీక్ష.

నోయిడాకి సముద్రం ఎక్కణ్ణించి వస్తుంది? శిక్షణ కేంద్రం వెనక పారే కాలువే వాళ్ళకు సముద్రం, గోనెసంచిలో మరమరాలే చమురు.

కాలువకు అడ్డుకట్టను తిన్నగా, అడ్డంగా కట్టారు.

"అలా కాదమ్మా," అని తెలుగులో వినిపించింది.

గట్టుమీద ఓ ముసలాయన. మంకీ టోపీ, మడిచి కట్టిన లుంగీ.

"ఎవరు మీరు?"

"పౌలురాజంటారు. పారే నీటికి అడ్డంగా కడితే నూనె కిందనించి జారిపోద్ది. ఏటవాలుగా కట్టాల. ఇదిగో, ఇలాగ." కుడిచెయ్యి ఎత్తి, ఏటవాలుగా చాపి చూపించాడు.

"అంకుల్, నాకు పదేళ్ళ అనుభవం. మా కొలనులో వందసార్లు కట్టించాను."

"కొలను పారదు కదమ్మా."

ఎవరో కిసుక్కున నవ్వారు. కావేరికి చెవులు వేడెక్కాయి. అసలే తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం.

"పరీక్ష జరుగుతోంది. వెళ్ళండి."

"ఎళ్ళను. మార్చి కట్టించు, అప్పుడెళ్తా. రైల్లో రెండు రాత్రులు కూచునొచ్చింది ఇది చెప్పడానికే. ఇంకో ఏరు చావకూడదు."

"భయ్యా, ఇన్‌కో బాహర్ కీజియే," ఆయన్ని బయటికి పంపమని కావేరి గార్డును పిలిచింది.

గార్డు రెక్క పట్టుకుని లాగాడు. ముసలాయన కాలు కదపలేదు. రెండో గార్డు వచ్చాక గానీ పని కాలేదు. గేటు దాటేదాకా ఆ కుడిచెయ్యి మాత్రం దించలేదు.

మరమరాలు వదిలారు. అడ్డుకట్టను తాకి ఆగాయి. కావేరి ఊపిరి పీల్చుకుంది.

నీరు తోసేకొద్దీ ఒక్కొక్కటే మునిగి, కిందనుంచి జారి, అవతల తేలాయి. చూస్తుండగానే కాలువ తెల్లబడింది.

"మేడమ్, ఆయన చెప్పినట్టు కట్టి చూద్దామా?" అన్నాడు విద్యార్థుల్లో ఒకడైన సుహాస్.

ఏటవాలుగా కట్టారు. రెండో సంచి మరమరాలు అడ్డుకట్ట వెంబడే బుద్ధిగా నడిచి, గట్టు వార కుప్పపడ్డాయి.

కావేరి గేటుకు పరుగెత్తింది.

"చలే గయే, మేడమ్. వెళ్ళిపోయారు. స్టేషన్‌కి మెట్రో ఎక్కడని అడిగారు," అన్నాడు గార్డు.

ఆమె సిగ్గుతో తరగతి గదిలోకి వచ్చి కూలబడింది. తెరమీద ఫొటో ఇంకా ఉంది. అడ్డుకట్ట కట్టిన పది నిమిషాలకే తీసిన ఫొటో. ఆ తర్వాత ఆ ఏరు ఏమైందో ఆమె ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు దగ్గరికెళ్ళి చూసింది. సంతోషంతో చెయ్యి ఊపుతున్నాడని ఏడాదిగా ఆమె చెబుతూ వచ్చిన ఆ జాలరి పౌలురాజే, అతని కుడిచెయ్యి ఏటవాలుగా చాపి ఉంది.