పది రోజుల తవిటయ్య

తవిటయ్య అరసవల్లి మొక్కు తీర్చుకోవడానికి టాటానగర్‌లో బండెక్కాడు. పది రోజులు రాడు. మెస్ స్టోరు తాళాలు సూర్యప్రకాష్ చేతికొచ్చాయి.

బర్మామైన్స్ పేటలో ఇంద్రాణి మెస్ అంటే రోజూ మూడు వందల భోజనాలు. పన్నెండింటికల్లా కాంట్రాక్టు కూలీలకి ఫ్యాక్టరీ గేటు దగ్గర అందాలి. పద్నాలుగేళ్లుగా ఆ బరువంతా తవిటయ్యదే. ఇంద్రాణి కళ్లెత్తితే చాలు, అతనికి పని తెలిసిపోయేది.

తవిటయ్య పేరు వింటేనే సూర్యప్రకాష్‌కి ఒళ్లు మండేది. సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఉద్యోగం పోయి ఆరు నెలలైంది. ఈ పది రోజులూ నెట్టుకొస్తే తాళాలు తిరిగి ఇవ్వక్కర్లేదని అతని ఆశ. వంటామె వరహాలమ్మతో పైకే అనేశాడు.

"తవిటయ్య లేకపోతే పొయ్యి ఎలగదేటి? పదో రోజుకి ఆ పేరు ఎవులికీ గుర్తుండదు, సూడు."

కూరలు తరిగే ఆడవాళ్లు తలలు వంచుకుని నవ్వుకున్నారు.

మొదటి రోజు ఇంద్రాణికి టీ తెచ్చిచ్చాడు. ఒక్క గుటకతో పక్కన పెట్టేసింది. ఆమె పంచదార మానేసి మూడేళ్లయిందట. శనివారం ఆమె ముందు ఇడ్లీల ప్లేటు పెట్టాడు. శనివారాలు ఆమెకి పొద్దు గుంకేదాకా ఉపవాసమని గిన్నెలు తోమే మనిషికి కూడా తెలుసు. అతనికి తెలియదు. తప్పు జరిగినప్పుడల్లా ఆమె తవిటయ్య పేరే ఎత్తేది.

పనివాళ్లందరినీ నువ్వనే ఇంద్రాణి, అతన్ని మాత్రం మీరు అనేది. ఆ మీరు తిట్టులాగే తగిలేది.

అతనూ ఊరుకోలేదు. తవిటయ్య కుర్చీని వీధిలో పెట్టించాడు. కూరల బేరం జుగ్సలాయి బజారులో మరొకడికి మార్చేశాడు. పుచ్చు వంకాయలొచ్చాయి.

ఏడో రోజు పదకొండింటికి పప్పుచారు దిగింది. సూర్యప్రకాష్ గరిటెతో అరచేతిలో వేసుకుని నాకి చూశాడు. ఉప్పు సరిపోయిందన్నాడు.

వరహాలమ్మ చేతిలో మూత ఆగిపోయింది. ఆ మెస్‌లో ఏది వండినా ముందు దేవుడి పటం దగ్గరికి వెళ్లాలి. ఆ తర్వాతే మనిషి నోటికి. తవిటయ్య చేతి కొలతతో ఉప్పు వేసేవాడే తప్ప, ఏనాడూ నాలుక మీద వేసుకోలేదు.

ఇంద్రాణి వచ్చింది.

"ఏటి చేసీసినారు?"

"రుచి సూసినాను. మూడొందల మంది తినీది, సూడొద్దేటి?"

"నైవేద్యం పెట్టకుండా ఎంగిలి చేసీసినారు."

"ఆకలితో ఉన్నోడికి దేవుడు అడ్డం వత్తాడేటి?"

"దేవుడు రాలేదు. మీరొచ్చినారు."

పప్పుచారు గుండిగ పక్కకి జరిపించింది. మళ్లీ పప్పు పొయ్యెక్కింది. భోజనాలు గేటుకి చేరేసరికి ఒంటిగంట దాటింది. సగం మంది కూలీలు ఖాళీ కడుపుతోనే పనిలోకి వెళ్లిపోయారు. దేవుడు దేనికి ఎక్కువ నొచ్చుకున్నాడో ఎవరూ అడగలేదు.

ఇంద్రాణి అతని ఎదురుగానే ఫోన్ చేసింది.

"తవిటయ్యా, మొక్కు తీరిందా? తీరితే రేపే బండెక్కీయ్."

ఫోన్ పెట్టేసి చెయ్యి చాపింది. సూర్యప్రకాష్ తాళాలు బల్ల మీదికి విసిరాడు. మెస్‌లో అందరూ పని ఆపేసి చూస్తున్నారు.

"ఆడు పద్నాలుగేళ్లు నీ ఎనకే తిరిగినాడు. ఆడికి తెలిసినవన్నీ నాకు ఏడు రోజుల్లో ఎలాగ తెలుత్తాయి?"

"ఏడు రోజులా?" అంది ఇంద్రాణి.

ఇరవై నాలుగేళ్ల కిందట ఆమె మెడలో మూడు ముళ్లూ వేసింది సూర్యప్రకాషే.