అరికాలి మచ్చ

"నిప్పుకణిక మీద కాలు పడింది. అయినా డాన్సు ఆపితే ఒట్టు!"

గల్ఫ్‌లోని కబ్ద్ ఎడారిలో టెంటు ముందు, చలిమంట చుట్టూ కూర్చున్న నిత్య ఆఫీసువాళ్లు ఈలలేశారు. డెబ్బై దాటిన తాతయ్య ఆంజనేయప్రసాద్ ఇంకా రెచ్చిపోయారు. గోవా బీచిలో హిప్పీల పాటలు, గిటార్లు, తన మెడలో పూసలదండ వేసిన తెల్లపిల్ల... ఈ కథ వింటూనే పెరిగింది నిత్య. తనది తాతయ్య పోలికని మురిసిపోయి గిటారు నేర్చుకుంది. ఇప్పుడు ఆయన్ని ఫోన్లో రికార్డు చేస్తోంది.

పక్కనే అమ్మమ్మ కనకవల్లి చెప్పులు విప్పి కాళ్లకంటిన ఇసుక దులుపుకుంటోంది. ఆమె అరికాల్లో రూపాయి బిళ్లంత పాత మచ్చ.

"అమ్మమ్మా, ఏంటిది?"

"నూనె చిందిందే, ఎప్పుడో."

"అరికాల్లోనా? తలకిందులుగా నిలబడి వంట చేశావా?"

అమ్మమ్మ నవ్వలేదు. "మా నాన్నకి గోవాలో బ్యాంకు ఉద్యోగం. నేనప్పుడు కాలేజీలో ఉన్నా."

"మరి తాతయ్య?"

"ఆయన అప్పటికి బెజవాడ దాటలేదు."

నిత్య రికార్డింగ్ ఆపేసింది. అవతల తాతయ్య మెడలో లేని పూసలదండ సర్దుకుంటున్నారు.

"యాభై ఏళ్లు ఇలా వింటూ కూర్చున్నావా?"

"పెళ్లయిన కొత్తలో నేనే చెప్పానే ఆయనకి. ఎవరి దగ్గరా నా పేరు ఎత్తనని ఒట్టేశారు."

అమ్మమ్మ చెప్పులు తొడుక్కుంది.

"మాట మీదే ఉన్నారు, పాపం."