తప్పు లెక్క

ఒక్కత్తే ఉండే లసుమవ్వ ఇంట్ల, పొయ్యి మీద పెద్ద గంజు నిండ కోడికూర ఉడుకుతున్నది. కొత్తెస్సై కుర్చీ ఏసుకొని ఆమె ముందల కూసున్నడు.

"అడవిలున్న అన్నలకు అన్నం పెడుతున్నవా?"

"లేదు సారూ."

"పెట్టెటోళ్లు గట్లనే అంటరు. అంటే పెడుతున్నవ్."

"పెడుతున్న అంటే?"

"ఒప్పుకున్నట్టే. నేను బీయెస్సీ చదివిన అవ్వా. నాది సైన్సు పద్ధతి, ఎటు తిప్పినా తప్పు పోదు."

లసుమవ్వ కూర కలుపుకుంటనే అడిగింది.

"సారూ, మొన్న కోనరావుపేటల డ్యూటీ మీద కల్లు తాగిండ్రట?"

"నేను కల్లు ముట్టనే ముట్ట."

"ముట్టెటోళ్లు గట్లనే అంటరు గద."

ఎనుక నిలవడ్డ పోలీసులు మొఖాలు పక్కకు తిప్పుకొని నవ్విండ్రు. ఎస్సై గంజు దిక్కు కూడ చూడకుంట పోయి జీపెక్కిండు.

జీపు సప్పుడు దూరమైనంక, తుపాకి భుజానేసుకున్న అన్న ఒకాయన అటక మీదికెల్లి దిగిండు. ఆయనెనుక ఇంకో నలుగురు.

"గాయినది సైన్సే కాదవ్వా. ఏం చెప్పినా తప్పు కాని మాట సైన్సెట్లయితది? మొత్తం తప్పు లెక్క."

లసుమవ్వ ఆయన కంచంల కూర ఏసింది.

"లెక్క తప్పే కొడుకా. జవాబే సరిగ్గ అచ్చింది. సప్పుడు చెయ్యక తిను."