పదకొండు సిమ్ముల ముఠా

గల్ఫ్‌లోని మిర్కాబ్‌లో ఒక ఫోన్ కంపెనీ ఆఫీసులో టీ కాచేది నేను. ముఠా నేరాల మీద కొత్త చట్టం తెస్తున్నాం, మీ సలహా రాయండని సర్కారు కంపెనీలను అడిగింది. మా కంపెనీ తరఫున రాసేది అమలాపురం కుర్రాడు సూర్యకిరణ్.

టీ ఇవ్వబోతే చదివి వినిపించాడు. “ఒకే పేరున ఐదుకు మించి సిమ్ములుంటే వాడు ముఠా నాయకుడే, జైల్లో పెట్టాలి. ఎలా ఉందండీ దొరబాబు బాబాయ్?”

“నా పేరున పదకొండున్నాయిరా,” అన్నాను. ఇఖామా, అదే ఇక్కడ ఉండటానికిచ్చే కార్డు, ఇంకా చేతికి రాని మా గోదావరి వాళ్ళు ఎవరు దిగినా, సిమ్ము నా పేరునే తీసిచ్చాను. దాచుకోవడానికి నేనేమైనా దొంగనా?

“ఆయ్! అయితే మీకు జైలేనండి,” అని పగలబడి నవ్వాడు. “మీ ముఠాలో ఎవరెవరున్నారేంటి?”

“నువ్వు దిగిన రోజు ఎయిర్‌పోర్టులో నీ చేతిలో పెట్టిన సిమ్ము ఎవరి పేరున ఉందిరా? ఇప్పటికైనా మార్పించుకున్నావా?”

నవ్వు ఆగిపోయింది. ఐదు కొట్టేసి పదకొండు చేశాడు.

కారణం రాయమన్న చోట, “ఈ రంగంలో అనుభవమున్న పెద్దలను సంప్రదించాం” అని రాశాడు.

అబద్ధమేం కాదు. ఇరవై ఏళ్ళ సర్వీసు నాది.